మాట పోయింది, మతి పోలేదు
పక్షవాతం రోగుల బంధువులకు కొన్ని పదాల వివరణ

పక్షవాతం వచ్చిన రోగిని ఆసుపత్రి నుండి ఇంటికి పంపేటప్పుడు డిశ్చార్జి కాగితం ఇస్తారు. అందులో మందుల పేర్లు, బి.పి., షుగరు అంకెలు ఉంటాయి. అవి మందుల షాపు అబ్బాయి అయినా చదివి చెప్పగలడు. కానీ అదే కాగితంలో పైన ఎక్కడో నాలుగైదు ఇంగ్లీషు మాటలు ఉంటాయి. అఫేసియా, డిసార్త్రియా, కాంప్రిహెన్షన్, కాగ్నిషన్, ఓరియెంటేషన్ వంటివి. వాటి గురించి అడిగే బంధువులు తక్కువ. అడిగినా, “మాట పడిపోయిందని రాశారమ్మా” అని ఒక్క ముక్కలో చెప్పి పంపించేవారే ఎక్కువ. ఇందులో తప్పు మీది కాదు, ఆసుపత్రిలో పనిచేసే మాదే.

ఆ ఒక్క ముక్కతో ఇంటికి వెళ్ళినవారు రోగితో ఎలా మెలగాలో తెలియక పొరపాట్లు చేస్తారు. కొంతకాలం క్రితం మా వార్డులో ఒక వడ్రంగి మేస్త్రి ఉండేవారు. వయసు అరవై దాటింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మంచినీళ్ళు కావాలంటే “తలుపు” అనేవారు. భార్య లేచి తలుపు తీస్తే తల అడ్డంగా ఊపి, ఇంకా గట్టిగా “తలుపు, తలుపు” అనేవారు. మూడో రోజు పెద్ద కొడుకు నా దగ్గరకు వచ్చి, “మా నాన్నకి మతి పోయిందండీ. ఇంక ఆయన్ని అడిగేదేముంది?” అన్నాడు. ఆ సాయంత్రమే కొడుకులూ, అల్లుడూ మంచం పక్కన నిలబడి ఇంటి స్థలం సంగతి, ఎవరెవరు ఎంత బాకీ ఉన్నారన్న సంగతి మాట్లాడుకున్నారు. మేస్త్రి గారు గోడ వైపుకు తిరిగి పడుకున్నారు. ఎడమ చేత్తో కళ్ళు తుడుచుకోవడం మా నర్సు చూసింది.

ఆయన కాగితంలో రాసిన పదం అఫేసియా. ఆ పదానికి అర్థం తెలిసి ఉంటే ఆ మాటలు ఆ మంచం పక్కన జరిగేవి కావు.

మాట, భాష, బుద్ధి

వాడుకలో మనం ఈ మూడింటినీ కలిపేస్తాం. స్పృహ తప్పితే “తెలివి తప్పింది” అంటాం. కళ్ళు తెరిస్తే “తెలివి వచ్చింది” అంటాం. చదువులో వెనుకబడినవాడిని “తెలివి లేదు” అంటాం. మెలకువకూ, బుద్ధికీ ఒకే పదం కాబట్టి, నోరు విప్పని మనిషికి తెలివి కూడా లేదని అనుకోవడం మనకు సులువు. వైద్యంలో ఇవి వేర్వేరు.

ఒక ఉత్తరం రాయడం అనుకోండి. ఏం రాయాలో ఆలోచించడం ఒక పని. ఆ ఆలోచనకు తగిన పదాలు వెతికి వాక్యంగా కూర్చడం రెండో పని. చేత్తో కాగితం మీద పెట్టడం మూడో పని. మొదటిది బుద్ధి, డాక్టర్లు కాగ్నిషన్ అంటారు. అందులో జ్ఞాపకం, ఏకాగ్రత, లెక్క, మంచిచెడ్డల నిర్ణయం అన్నీ వస్తాయి. రెండోది భాష, అంటే లాంగ్వేజి. మూడోది మాట, అంటే స్పీచ్. పెదవులు, నాలుక, గొంతు, ఊపిరి కలిసి చేసే పని అది.

మెదడులో దెబ్బ తగిలిన చోటును బట్టి ఈ మూడింటిలో ఏదైనా చెడవచ్చు. మూడోది చెడితే డిసార్త్రియా. రాత వంకరపోయిన ఉత్తరం వంటిది, అందులో విషయం మాత్రం పూర్తిగా ఉంటుంది. రెండోది చెడితే అఫేసియా. చెప్పవలసిన సంగతి లోపల ఉంది, పదాలు దొరకవు, లేదా ఇతరుల పదాలు అర్థం కావు. మొదటిది క్రమంగా చెడుతూ పోతే డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు. అప్పుడు కాగితం, కలం బాగానే ఉంటాయి, రాయవలసిన సంగతే చెదిరిపోతుంది. ఒకే రోగిలో ఇవి కలిసి ఉండే అవకాశం కూడా ఉంది. అందుకే “మా ఆయనకు వీటిలో ఏది ఎంత ఉంది?” అని డాక్టరు గారిని అడగండి.

పక్షవాతం వచ్చినవారిలో దాదాపు మూడింట ఒక వంతు మందికి మొదటి రోజుల్లో అఫేసియా కనిపిస్తుంది. కుడిచేతి వాటం ఉన్న నూటికి 95 మందికి పైగా భాషకు సంబంధించిన భాగం మెదడు ఎడమ సగంలో ఉంటుంది. ఎడమ సగం శరీరంలో కుడి వైపును నడుపుతుంది. కుడి పక్క పడిపోయినవారికే భాష కూడా తరచుగా దెబ్బ తినడానికి కారణం ఇదే.

టాన్ అనే రోగి

ఈ సంగతి వైద్యులకు ఎప్పటి నుండో తెలిసినది కాదు. 1861లో పారిస్ దగ్గర బిసెత్ర్ ఆసుపత్రిలో పాల్ బ్రోకా అనే సర్జన్ వద్దకు లెబోర్న్ అనే 51 ఏళ్ళ రోగిని తీసుకువచ్చారు. కాలు కుళ్ళిపోయి ప్రాణం మీదకు వచ్చింది. ఆయనకు చాలా ఏళ్ళుగా మాట లేదు. ఏమడిగినా “టాన్, టాన్” అనేవాడు. అందుకని ఆసుపత్రిలో అందరూ ఆయనను టాన్ అనే పిలిచేవారు. బాగా కోపం వస్తే మాత్రం ఒక తిట్టు బయటకు వచ్చేది.

ఈ ఆసుపత్రిలో ఎన్నేళ్ళుగా ఉన్నావని బ్రోకా అడిగాడు. టాన్ తన ఎడమ అరచేతిని నాలుగుసార్లు చాచి చూపించి, తరువాత ఒక్క వేలు చూపించాడు. నాలుగు అయిదులు ఇరవై, ఆపైన ఒకటి. ఆయన ఆసుపత్రికి వచ్చి సరిగ్గా 21 ఏళ్ళు. ప్రశ్న అర్థమైంది, లెక్క గుర్తుంది, జవాబు చెప్పే దారి కూడా ఆయనే వెతుక్కున్నాడు. కొద్ది రోజుల్లోనే చనిపోయాడు. బ్రోకా ఆయన మెదడును పరీక్షిస్తే ఎడమ వైపు ముందు భాగంలో దెబ్బ కనిపించింది. ఆ భాగాన్ని నేటికీ బ్రోకా ప్రాంతం అనే అంటారు. ఇటువంటి స్థితికి అఫేసియా అనే పేరును 1864లో ట్రూసో అనే మరో ఫ్రెంచి వైద్యుడు స్థిరపరిచాడు.

మా మేస్త్రి గారి దగ్గరకు వస్తాను. నాలుగో రోజున ఒక పళ్ళెంలో దువ్వెన, తాళంచెవి, చెంచా, పెన్ను, కొలత టేపు పెట్టి ఆయన ముందు ఉంచాము. “కొయ్య కొలవడానికి ఏది వాడతారు?” అంటే చెయ్యి నేరుగా టేపు మీదకు వెళ్ళింది. “తలుపు మూసి ఊరికి వెళ్ళాలంటే?” తాళంచెవి. పేరు చెప్పమంటే మాత్రం ఒక్కటీ రాలేదు. కొడుకు అప్పటిదాకా నిలబడి చూస్తున్నాడు, తరువాత స్టూలు మీద కూర్చుండిపోయాడు.

ఆగి ఆగి వచ్చే మాట, ధారగా వచ్చే మాట

కాగితంలో అఫేసియా పక్కన నాన్ ఫ్లూయెంట్ అనో, బ్రోకా అనో రాసి ఉంటే, రోగికి మాట కష్టంగా, ముక్కలు ముక్కలుగా వస్తుంది. వినేది మాత్రం చాలావరకు అర్థమవుతుంది. తాను తప్పు పలుకుతున్నానని తనకే తెలుస్తుంది. అందుకే కోపం, ఏడుపు, సిగ్గు. ఇంటికి ఎవరైనా చూడవస్తే ముసుగు కప్పుకుని పడుకునేది ఇలాంటివారే.

ఫ్లూయెంట్ అనో, వెర్నికీ అనో రాసి ఉంటే సంగతి వేరు. జర్మన్ వైద్యుడు కార్ల్ వెర్నికీ 1874లో, తన 26వ ఏట, ఈ రకాన్ని విడదీసి చూపించాడు. ఇందులో మాట ధారగా వస్తుంది. స్వరం, విరుపు, చేతుల కదలిక అన్నీ సహజంగానే ఉంటాయి. కానీ పదాలకు పొందిక ఉండదు. మధ్యలో ఏ భాషలోనూ లేని పదాలు దొర్లుతాయి. అటువంటి కొత్త పదాన్ని నియోలాజిజం అనీ, అంతా అలాగే ఉంటే జార్గన్ అనీ రాస్తారు. ఎదుటివారు చెప్పేది ఈ రోగికి సరిగా అర్థం కాదు, తాను చెప్పేది అర్థం లేకుండా ఉందని కూడా తెలియదు. మీరు అయోమయంగా చూస్తే ఆయనకే విసుగు వస్తుంది.

మన ఊళ్ళలో అందరికంటే ఎక్కువ అన్యాయం జరిగేది ఈ రోగికే. కాళ్ళూ చేతులూ బాగానే ఉండవచ్చు కాబట్టి పక్షవాతమని ఎవరికీ తట్టదు. పిచ్చి పట్టిందంటారు, గాలి సోకిందంటారు, తాయెత్తు కట్టిస్తారు. నాలుగు రోజులు తిరిగి తిరిగి చివరకు ఆసుపత్రికి తెస్తారు. మానసిక జబ్బులో, అంటే సైకోసిస్‌లో, సాధారణంగా వాక్యం బాగానే ఉంటుంది, అందులోని నమ్మకం వాస్తవానికి దూరంగా ఉంటుంది. “పక్కింటివాళ్ళు నా అన్నంలో విషం కలుపుతున్నారు” అన్నది భాషగా చూస్తే తప్పులేని వాక్యం. వెర్నికీ అఫేసియాలో వాక్యమే చెదిరిపోతుంది. నిన్నటి వరకు మామూలుగా ఉన్న పెద్దవారు ఈ రోజు హఠాత్తుగా పొంతన లేకుండా మాట్లాడితే మొదట అనుమానించవలసింది మెదడులో రక్తప్రసారాన్ని. వెంటనే 108కి ఫోను చేయండి. గడ్డను కరిగించే ఇంజెక్షను సాధారణంగా నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి, అదీ స్కానింగు తీసిన తరువాతే. అందువల్ల ఆ మనిషి చివరిసారి ఎప్పుడు మామూలుగా ఉన్నారో గుర్తుంచుకుని డాక్టరుకు చెప్పండి.

పై రెండు రకాలూ కలిసి, మాటా లేక, అర్థమూ కాకపోతే గ్లోబల్ అఫేసియా అంటారు. మొదటి వారంలో అలా రాసినా తరువాత మారవచ్చు.

తలుపు అంటే నీళ్ళు

ఒక పదానికి బదులు ఇంకొకటి రావడాన్ని పారాఫేసియా అంటారు. సాధారణంగా వచ్చేది దానికి దగ్గరి పదమే. “కుర్చీ” అనబోయి “మంచం”, “కొడుకు” అనబోయి “తమ్ముడు”. కొన్నిసార్లు అక్షరాలు తారుమారవుతాయి. “కిటికీ” “టికికీ” అవుతుంది. మేస్త్రి గారి తలుపు ఈ రెండింటికీ చెందదు. ఆయన జీవితమంతా పలికిన పదం గనుక అది ముందుగా నోటికి వచ్చేదేమో అని నా ఊహ. ఒకసారి వచ్చిన పదమే, కావాలన్నా వద్దన్నా, మళ్ళీ మళ్ళీ రావడాన్ని పెర్సెవరేషన్ అంటారు. అది మొండితనం కాదు. అలా పట్టుకున్నప్పుడు ప్రశ్న మీద ప్రశ్న వేయకుండా, ఒకటి రెండు నిమిషాలు ఆగి, వేరే సంగతి ఎత్తాలి.

పదం నాలుక చివరన ఉండి రాకపోవడాన్ని అనోమియా అంటారు. మనందరికీ పెళ్ళిళ్ళలో దూరపు చుట్టం పేరు గుర్తు రాక జరిగేది ఇదే. రోగికి రోజంతా, ప్రతి వస్తువుకూ జరుగుతుంది. మొదటి అక్షరం అందిస్తే కొందరికి పదం వచ్చేస్తుంది. “గ్లా...” అనండి, “గ్లాసు” అంటారు. అందరికీ ఇది పనిచేయదు. పనిచేయని వారిని రోజంతా అక్షరాలతో వేధించవద్దు.

ఇంకొక పదం అగ్రమాటిజం. వ్యాకరణపు ముక్కలు రాలిపోవడం. ఇంగ్లీషులో ఇది జరిగితే చిన్న చిన్న పదాలు పోతాయి. తెలుగులో మాత్రం ఎవరు, ఎప్పుడు, చేశారా లేదా అన్న సంగతంతా క్రియ చివర్లోనే ఉంటుంది. వెళ్ళాను, వెళ్ళాడు, వెళ్ళలేదు, వెళ్ళను, వెళ్ళలేను, ఇవన్నీ చివరి ముక్కతోనే వేరవుతాయి. ఆ చివర పోయి “మాత్ర... వేసుకో...” అని ఆగిపోతే వేసుకున్నారో, వేసుకోలేదో, వేసుకోనంటున్నారో మీకు తెలియదు. వేసుకున్నారని అనుకుని ఊరుకుంటే బి.పి. మాత్ర తప్పిపోతుంది. వేసుకోలేదని ఇంకొకటి ఇస్తే రెండవుతాయి. మాత్రల డబ్బాలో వారానికి సరిపడా గళ్ళు చేసి పెట్టుకుంటే ఈ చిక్కు ఉండదు.

అవును, కాదు కూడా నమ్మకంగా రావు. అవును అనుకుని కాదు అనే రోగులు ఉంటారు. పైగా మన తల ఊపుడులో అవునో కాదో పక్క జిల్లావారికే తెలియదు! కాబట్టి మీకు జవాబు తెలిసిన ప్రశ్నలతో ముందు పరీక్షించండి. “మన ఊరు ఇదేనా?”, “నేను మీ తమ్ముడినా?” అని అడగండి. నాలుగైదు సార్లు సరిగ్గా చెబితే అప్పుడు ఆ అవును, కాదు మీద ఆధారపడవచ్చు. లేకపోతే బొటనవేలు పైకి, కిందికి చూపించడం, లేదా రెండు వస్తువులు ముందు పెట్టి ఏది కావాలో ముట్టుకోమనడం మేలు.

పాట వస్తుంది, పేరు రాదు

భార్య పేరు చెప్పలేని మనిషి ప్రార్థన మొత్తం తడబడకుండా చెబుతాడు. ఒకటి నుండి ఇరవై వరకు లెక్క పెడతాడు, వారాల పేర్లు వరుసగా అంటాడు, చిన్నప్పటి పాట అందుకుంటే చరణం చివరిదాకా పాడతాడు. దీన్ని ఆటోమాటిక్ స్పీచ్ అంటారు. అలవాటుగా, ఒకదాని వెంట ఒకటి జారి వచ్చే మాట అది. కొత్తగా వాక్యం కూర్చుకునే మాటకూ దీనికీ మెదడులో దారులు వేరు. 19వ శతాబ్దపు ఇంగ్లీషు వైద్యుడు హ్యూలింగ్స్ జాక్సన్ దీన్ని శ్రద్ధగా గమనించి రాశాడు.

తిట్లు కూడా ఈ కోవలోనివే. ఏనాడూ గట్టిగా మాట్లాడని పెద్దమనిషి నోట, చూడవచ్చిన వారి ముందు బూతు వస్తే ఇంట్లో ఆడవాళ్ళు తల వంచుకుంటారు. ఆయన మనసులో ఇన్నాళ్ళూ ఇది దాగి ఉందా అని ఒక కోడలు నన్ను అడిగింది. లేదమ్మా. టాన్‌కు కూడా మిగిలింది అదే. ఆ మాట ఆయన ఎంచుకుని అన్నది కాదు, దారి తెరిచి ఉన్నచోట నుండి జారిపడింది.

పాట వచ్చింది గనుక మాట కూడా వచ్చేసినట్టేనని ఆశపడవద్దు, “పాట పాడతావు గానీ నా పేరు పిలవవా” అని నిష్ఠూరమాడవద్దు. అయితే ఆ పాటనే మెట్టుగా వాడుకోవచ్చు. 1973లో అమెరికాలోని బోస్టన్ వైద్యులు, చిన్న వాక్యాలను రాగంతో, ఎడమ చేత్తో తాళం వేస్తూ పలికించి, క్రమంగా రాగం తగ్గించే పద్ధతిని వివరించారు. కొందరికి అది మేలు చేస్తుంది. స్పీచ్ థెరపిస్టు చూసి మీ రోగికి తగునో లేదో చెబుతారు.

నోటికి సంబంధించిన మూడు పదాలు

డిసార్త్రియా గురించి పైన చెప్పాము. ముద్దముద్దగా, ముక్కుతో మాట్లాడినట్టు ఉంటుంది. ఈ రోగికి చదవడం, రాయడం, అర్థం చేసుకోవడం బాగానే ఉంటాయి. పలక గానీ, ఫోనులో టైపు చేయడం గానీ ఇస్తే చాలు. అప్రాక్సియా ఆఫ్ స్పీచ్ అంటే కండరాలకు బలం ఉన్నా, వాటిని ఏ వరుసలో కదపాలో మెదడు సరిగా చెప్పలేకపోవడం. నోరు తడుముకుంటుంది, ఒకే పదం మూడుసార్లు మూడు రకాలుగా వస్తుంది.

మూడోది డిస్ఫేజియా. వినడానికి కొంత అఫేసియాలా ఉంటుంది గానీ ఇది మాటకు సంబంధించినది కాదు, మింగడానికి సంబంధించినది. కాగితంలో ఈ పదం ఉంటే నీళ్ళు కూడా అజాగ్రత్తగా పట్టించకూడదు. నీరు ఊపిరి గొట్టంలోకి జారి న్యుమోనియా వస్తుంది. చూడవచ్చినవారు ప్రేమతో కొబ్బరినీళ్ళు నోట్లో పోయడం వల్ల ప్రమాదం జరుగుతుంది. రోగిని నిటారుగా కూర్చోబెట్టి, థెరపిస్టు చెప్పిన చిక్కదనంలోనే, చెంచాతో కొద్దికొద్దిగా ఇవ్వాలి. తాగిన తరువాత దగ్గు, గొంతులో గరగర ఉంటే ఆపి డాక్టరుకు చెప్పండి.

మనసుకు సంబంధించిన పదాలు

ఓరియెంటేషన్ అంటే నేను ఎవరిని, ఎక్కడ ఉన్నాను, ఈ రోజు ఏమిటి అన్న ఎరుక. దీనిని ప్రశ్నలు వేసి పరీక్షిస్తారు. చిక్కంతా ఇక్కడే ఉంది. అఫేసియా రోగికి ఈ రోజు బుధవారమని తెలిసినా నోటితో చెప్పలేడు. తొందరలో ఉన్నవారు “ఓరియెంటేషన్ లేదు” అని రాసేస్తారు. క్యాలెండరు ముందు పెట్టి చూపించమంటే వేలు సరైన గడి మీద పెట్టే రోగులు ఉన్నారు. మీ రోగి అలా చూపించగలిగితే ఆ సంగతి డాక్టరు గారికి చెప్పి కాగితంలో రాయించండి. ఇది చిన్న విషయంగా తీసుకోవద్దు, ఎందుకో కింద చెబుతాను.

డెలీరియం అంటే హఠాత్తుగా వచ్చే మతిభ్రమ. ఉదయం బాగుండి సాయంత్రానికి మనుషులను గుర్తించకపోవడం, లేని వస్తువులను పట్టుకోబోవడం, మగతగా ఉండడం దీని లక్షణాలు. మూత్రంలో ఇన్ఫెక్షను, న్యుమోనియా, రక్తంలో సోడియం తగ్గడం, కొత్త మందు పడకపోవడం వంటివి కారణాలు. కారణాన్ని పట్టుకుని సరిచేస్తే చాలామంది తేరుకుంటారు. “వయసు మీద పడింది, అంతే” అని ఇంట్లో ఉంచేయకూడదు.

ఎమోషనల్ లేబిలిటీ అంటే చిన్న కారణానికే, ఒక్కోసారి ఏ కారణమూ లేకుండానే, ఏడుపో నవ్వో ఆగకుండా రావడం. ఏడుపును అణిచిపెట్టే దారి మెదడులో దెబ్బ తినడం వల్ల ఇలా జరుగుతుంది. చావు కబురు విని నవ్విన మనిషిని ఇంటిల్లిపాదీ అసహ్యించుకోవడం చూశాను. ఆయనకు నవ్వు రాలేదు, ముఖం నవ్వింది. డిప్రెషన్ దీనికి వేరు. అది నిజమైన దిగులు. పక్షవాతం వచ్చినవారిలో దాదాపు మూడింట ఒక వంతు మందికి వస్తుంది. నోరు లేని రోగి “నాకు దిగులుగా ఉంది” అని చెప్పలేడు గనుక మీరే కనిపెట్టాలి. తిండి తగ్గడం, తెల్లవారుజామున మెలకువ వచ్చి కూర్చోవడం, వ్యాయామానికి రానని చెయ్యి లాక్కోవడం, మనవరాలు వచ్చినా కళ్ళు తెరవకపోవడం. దీనికి మందులు ఉన్నాయి, అవి పనిచేస్తాయి.

మెదడు కుడి సగం దెబ్బ తిన్నవారిలో భాష సాధారణంగా బాగుంటుంది. కానీ నెగ్లెక్ట్ అనే స్థితి ఉండవచ్చు. ఎడమ పక్క ప్రపంచమే లేనట్టు ఉంటారు. కంచంలో కుడి సగం అన్నం తిని, ఇంకా పెట్టమంటారు. కంచం తిప్పి పెడితే మిగతాది తింటారు. ఇన్‌సైట్ లేదు అని రాసి ఉంటే, తనకు జబ్బు ఉందన్న ఎరుక రోగికి లేదని అర్థం. అటువంటివారు కాలు పడిపోయిందని తెలియక మంచం దిగబోయి పడిపోతారు. రాత్రిళ్ళు ఒంటరిగా వదలవద్దు.

రెండు మూడు భాషలు వచ్చినవారి సంగతి

మన రాష్ట్రాలలో ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ లేక హిందీ, ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడేవారు చాలామంది. అఫేసియా వస్తే ఒక్కోసారి అన్ని భాషలూ సమానంగా, ఒక్కోసారి ఒకటి ముందు ఒకటి వెనుకగా తిరిగి వస్తాయి. ఎక్కువగా వాడిన భాష ముందు వస్తుందని 1895లో పిత్ర్ అనే ఫ్రెంచి వైద్యుడు రాశాడు గానీ, అందరిలోనూ అలా జరగదు. ఏ భాషలో మాట వస్తే ఆ భాషలోనే రానివ్వండి.

హైదరాబాదు నిమ్స్ వైద్యులు 608 మంది పక్షవాతం రోగులను పరిశీలించి 2016లో ప్రచురించిన సంగతి ఇక్కడ చెప్పుకోదగినది. బుద్ధి చెక్కు చెదరకుండా నిలిచినవారు ఒకే భాష వచ్చినవారిలో 19.6 శాతం, ఒకటి కంటే ఎక్కువ భాషలు వచ్చినవారిలో 40.5 శాతం. కానీ అఫేసియా రావడంలో మాత్రం ఈ రెండు వర్గాలకూ తేడా కనిపించలేదు. బుద్ధిని ఒక లెక్కగా, భాషను మరొక లెక్కగా చూడడం ఎందుకు అవసరమో ఇక్కడే తెలుస్తుంది.

ఇంట్లో

టీవీ ఆపండి. ఎదురుగా కూర్చుని, ఒక్కరే, మామూలు గొంతుతో, చిన్న వాక్యాలతో మాట్లాడండి. ఆయనకు చెవుడు లేదు, అరవనక్కరలేదు. చంటిపిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడవద్దు. ఇన్నాళ్ళూ “మీరు” అన్నవారిని ఇప్పుడు కూడా “మీరు” అనండి. అడిగిన తరువాత ఆగండి. మనకు పది సెకన్లు చాలా సేపుగా అనిపిస్తాయి, ఆయనకు ఆ పది సెకన్లు కావాలి. మాట సగంలో ఉండగా మీరు పూరించవద్దు. మరీ అవస్థ పడుతుంటే “నేను అందించనా?” అని అడిగి అందించండి. ఒక నోటు పుస్తకంలో ఇంటివారి ఫోటోలు, నీళ్ళు, బాత్రూము, నొప్పి, ఫ్యాను వంటి బొమ్మలు అంటించి దగ్గర ఉంచండి.

మాట తిరిగి రావడం మొదటి మూడు నెలల్లో వేగంగా ఉంటుంది. ఆ తరువాత నెమ్మదిగానైనా నెలలు, ఏళ్ళ పాటు సాగుతుంది. ఆరు నెలలు దాటింది గనుక ఇక లాభం లేదన్న మాట నమ్మవద్దు.

కాగితం ఎందుకు ముఖ్యం

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అందులో మాట, భాష వైకల్యం ఒకటి. దాని నిర్వచనంలో అఫేసియా అన్న పదమే ఉంది. శాశ్వతంగా మిగిలిందని తేలితే సదరం ధ్రువపత్రానికి, యూడీఐడీ కార్డుకు దరఖాస్తు చేసుకోవచ్చు. అదే చట్టం వైకల్యం ఉన్నవారికి ఆస్తి కలిగి ఉండడంలో, తమ డబ్బు వ్యవహారాలు తామే చూసుకోవడంలో ఇతరులతో సమానమైన హక్కు ఇచ్చింది. కాగితంలో “అఫేసియా, అర్థం చేసుకోగలరు” అని ఉండడానికీ, “ఓరియెంటేషన్ లేదు” అని మాత్రమే ఉండడానికీ బ్యాంకులో, రిజిస్ట్రేషను ఆఫీసులో ఎంత తేడా వస్తుందో ఊహించండి. మాట రానివారి వేలిముద్ర నిద్రలో వేయించుకున్న కుటుంబం సంగతి కూడా నాకు తెలుసు. దానిని గురించి ఇక్కడ ఎక్కువ రాయను.

మేస్త్రి గారు రెండు నెలల తరువాత చూపించుకోవడానికి వచ్చారు. కొడుకు స్థలం కాగితాల నకలు తెచ్చి, ముందు తండ్రికి చూపించాడట. ఆయన చాలాసేపు చూసి, ఉత్తరం వైపు కొలత దగ్గర వేలు పెట్టి “కాదు” అన్నారట. టేపు పట్టి చూస్తే ఆయన చెప్పినదే సరి. నీళ్ళకు మాత్రం ఇంకా అప్పుడప్పుడు తలుపు అంటున్నారు, ఇంట్లో అందరికీ అర్థమవుతోంది.

మీరు మళ్ళీ చూపించడానికి వచ్చేటప్పుడు రోగి కళ్ళజోడు, నోటు పుస్తకం, ఈ నెలలో కొత్తగా పలికిన పదాల జాబితా తీసుకురండి. ఆయనతో రోజూ ఎక్కువ సేపు గడిపేవారు కూడా వెంట రావాలి.